ఖాళీ గిన్నె లోపలికి

బటాంగ్ బెర్జుంటై
16 మార్చి 1952

మరదలు పోతినమ్మకు,

జైలుకి నెలకొక ఉత్తరం పంపవచ్చునని, ఒక కాగితం దాటకూడదని తోట దొర ఆఫీసులో చెప్పారు. తెలుగులో రాసినా ఫరవాలేదట. చదివి ముద్ర వేసే గుమస్తా అక్కడ ఉన్నాడట.

నీకు శిక్ష వేసి నాలుగు రోజులైంది. కోర్టులో అరవంలోకి తిప్పి చెప్పినవాడి మాట నీకు ఎంత అర్థమైందో తెలియదు. నీ మీద మోపింది ఇది: కూలీల లైన్ల చుట్టూ కంచె వేసిన తర్వాత నాలుగుసార్లు వండిన తిండి గేటు దాటించావు. అడవిలో సర్కారు మీద తుపాకులు పట్టినవాళ్ళకి ఇచ్చావని రుజువు కాలేదు. ఇవ్వలేదని కూడా కాలేదు. గేటు దాటించడమే నేరం. రెండేళ్ళు అన్నారు గాని, నడవడిక బాగుంటే కొంత తగ్గిస్తారట.

నీ పాప ఆనీ మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ అన్నమ్మ దగ్గర పడుకుంటోంది. ఏడో ఏడు వచ్చింది కాబట్టి తోట బడిలో వేశాను. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత తిన్నది. నీ దేవుని తల్లి పటం ముందు దీపం అమ్మే పెడుతోంది.

దొర నీ సంగతి మాట్లాడలేదు. తమ్ముడు మునుసామిని లారీలో కాల్చి చంపింది ఆ అడవివాళ్ళేనని, వాడి పెళ్ళాం వాళ్ళకి తిండి పెట్టదని ఆయనకి తెలుసనుకుంటాను.

నాలుగు రోజులుగా వాన లేదు.

వెంకటసామి

*

కౌలాలంపూర్ జైలు
21 ఏప్రిల్ 1952

బావగారికి నమస్కారం. దేవుని తల్లి మీ ఇంటిని కాపాడాలి.

నిన్న మా గ్రీకువాళ్ళ పాస్కా పండుగ. పోర్ట్ సయీద్ నుంచి నాన్న పంపిన తేదీల కాగితం గుర్తుంది కనక తెలిసింది. ఇక్కడ ఎవరికీ తెలియదు. నాకు నేనే "క్రీస్తు లేచెను" అని చెప్పుకుని, "నిజముగా లేచెను" అని నేనే జవాబు చెప్పుకున్నాను. కాపలా ఆడమనిషి నాకు పిచ్చి పట్టిందనుకుంది.

బావగారూ, ఈ ఉత్తరంలో తప్పులు ఉంటే కోప్పడకండి. హాజరు కాగితాల వెనక వైపు మీరు అక్షరాలు దిద్దించినప్పుడు ఎన్నిసార్లు అన్నారు, "అమ్మలాగ 'సేసినాను' అని మాట్లాడుకో, రాసేటప్పుడు మాత్రం 'చేశాను' అని రాయి" అని. అలాగే రాస్తున్నాను. ఓడలు బొగ్గు ఎత్తుకునే ఊళ్ళో, నాన్న రొట్టెల కొట్టులో, రోజూ ఒకే రొట్టె కొనడానికి వచ్చిన మునుసామి నాకు నేర్పింది నాలుగు తెలుగు మాటలు. ఇంటి పనికి చాలినంత తెలుగు అత్త నేర్పింది. అక్షరం మీరు నేర్పారు. ఫొతిని అనే పేరు నోరు తిరగక పోతినమ్మ అన్నదీ అత్తే. ఇప్పుడు ఎవరైనా ఫొతిని అంటే వెనక్కి తిరిగి చూడను.

మీరు బోనెక్కి "ఆమె గిన్నె ఎక్కడికి తీసుకెళ్ళిందో నేను చూడలేదు" అన్నారు. అది విని నేను ఏడవడం అన్నమ్మక్క చూసింది. మీ మీద కోపంతో కాదు. చూడనిది చూశానని చెప్పడం మీకు చేతకాదు. మీరు ఒక్కసారి నా వెనక వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను, అంతే. రబ్బరు చెట్ల అంచున నా మొగుడూ నా బిడ్డా పక్కపక్కన పడుకుని ఉన్నారు. చనిపోయినవాళ్ళకి గోధుమలు ఉడికించి పెట్టకపోతే వాళ్ళని మరిచిపోయినట్టే మాకు. వాళ్ళని పాతిపెట్టిన తర్వాత కంచె వచ్చింది, వాళ్ళు బయట ఉండిపోయారు. అది నా తప్పా?

ఒక సంగతి అడగాలి. నాలుగుసార్లు అని, నాలుగు తేదీలు సరిగ్గా చదివారు. నాలుగుసార్లని ఎవరికి తెలుసు? గేటు దగ్గర ఆడవాళ్ళని తడిమి చూసే రాసమ్మకి తెలుసు. ప్రతిసారీ మూత తీసి, "ఏటి, సచ్చినోళ్ళకేనా ఈ గుగ్గిళ్ళు? బతికున్నోళ్ళకి పెట్టవా?" అని ఒక గుప్పెడు నోట్లో వేసుకుని వదిలేది. కొత్త పోలీసు నన్ను పట్టుకున్న రోజున ఆమె ముఖం తిప్పుకుంది. ఆమే చెప్పిందా? నాకు రాయండి.

ఆనీ పడుకునే ముందు శిలువ గీసుకోవాలి. కుడి భుజం ముందు, ఎడమ తర్వాత. అత్తకి తెలుసు.

మీ మరదలు
పోతినమ్మ

*

బటాంగ్ బెర్జుంటై
11 మే 1952

పోతినమ్మకు,

ఉత్తరం అందింది. అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. లైన్లలో మిగతా వాళ్ళకి అమ్మ చెప్పింది.

ఆనీకి ఒక పన్ను ఊడింది. కప్పు మీద వేయాలని అమ్మ, దాచాలని ఆనీ. దాచింది. శిలువ గీసుకుంటోంది. ఏ భుజం ముందో నేను చూడలేదు, ఇకమీదట చూస్తాను.

రాసమ్మని గేటు పని నుంచి తీసేశారు. నాలుగు తేదీలు ఎవరు చెప్పారని అడిగావు. అది నేను రాయలేను.

ఇప్పుడు బియ్యం ఎవరి ఇంట్లోనూ వండనివ్వడం లేదు. అందరికీ ఒకే చోట వండి పెడుతున్నారు. అమ్మకి ఆ అన్నం సయించడం లేదు.

మూడు రోజులు వాన. చెట్లు గీయడం ఆగింది.

వెంకటసామి

*

కౌలాలంపూర్ జైలు
5 అక్టోబర్ 1952

బావగారికి నమస్కారం. మీ ఇంటి మీద దేవుని తల్లి కొంగు ఉండాలి.

"అది నేను రాయలేను" అన్నారు. అర్థమైంది. గుమస్తా చదువుతాడు కనక పేరు రాయలేదు. పేరు రాయకపోవడమే పేరు చెప్పడం. రాసమ్మే.

మీరు మంచివారు, పేరు దాచారు. నేనూ మంచిగానే ఉండాలని చూస్తున్నాను. శత్రువు కోసం ప్రార్థించాలని మాకు ఉంది. ఆమె పేరు రోజూ చెప్పి దణ్ణం పెడుతున్నానని ఆమెకి చెప్పండి. వెటకారంగా చెప్పకండి. అత్త చేత చెప్పించకండి.

పోయిన నెలకి నా బిడ్డ రేమండ్ పోయి మూడేళ్ళు. గోధుమలు ఎక్కడివి? భోజనంలో అన్నం పక్కన తీసి పెట్టుకుని, కిటికీ అంచున గుప్పెడు పెట్టాను. నా గదిలో ఒక చీనా ముసలామె ఉంది. ఆమె నిజంగానే ఎండు చేపలు అడవిలో కొడుక్కి పంపి వచ్చింది. మొదట్లో ఆమె ముఖం చూసేదాన్ని కాదు. అలాంటివాళ్ళ కొడుకే కదా నా మొగుణ్ణి చంపింది. ఆ రోజు ఆమె నా అన్నం చూసి మలాయిలో అడిగింది, ఎవరికి అని. కొడుక్కి అన్నాను. "నేనూ కొడుక్కే" అంది. ఆ తర్వాత ఆమె గిన్నె కూడా నేనే కడుగుతున్నాను. ఇది పాపమో పుణ్యమో చెప్పడానికి మా గురువు ఎవరూ ఈ దేశంలో లేరు. మీరేమంటారు?

అత్తకి చెప్పండి, నేను నల్ల బట్ట విడవలేదు. ఇక్కడ అందరికీ ఒకే బట్ట ఇచ్చారు, లోపల నల్ల గుడ్డ పీలిక కట్టుకున్నాను. "మొగుడు పోతే తెల్లది కట్టాలి గాని నలుపేటే, కాకిలాగ" అని ఆమె తిట్టే తిట్టు చెవిలో పడక ఎనిమిది నెలలైంది.

పోతినమ్మ

*

బటాంగ్ బెర్జుంటై
7 డిసెంబర్ 1952

పోతినమ్మకు,

పాపమో పుణ్యమో నాకు తెలియదు.

నువ్వు అమ్మ చేత చెప్పించవద్దన్నావు. ఉత్తరం చదివేటప్పుడు ఆ వాక్యం కూడా చదివేశాను. మర్నాడు పొద్దున కుళాయి దగ్గర అమ్మే మొదలుపెట్టింది. జరిగింది జరిగినట్టు, మాట చివర తగిలించే మలాయి 'లా'తో సహా, రాస్తున్నాను.

అమ్మ: "నా కోడలు జైల్లో నీ పేరెట్టి దణ్ణం పెడతన్నాదంటే రాసమ్మా. తిన్నావు గదే గుప్పెళ్ళు గుప్పెళ్ళు. తిన్న నోటితోటే సెప్పినావా?"

రాసమ్మ: "తిన్నాను అప్పలమ్మక్కా. తిన్నదాన్ని నేనెల్లి సెప్తే నన్నూ లోపలేత్తారు గదా. మతి ఉండే మాటాడతన్నావా లా? అదిగో కిరాణి బాబు నిలబడ్డాడు. ఆయన్నడుగు."

అందరూ తోట గుమస్తానైన నా వైపు చూశారు. హాజరు పుస్తకం చంకలో ఉంది. "వేళవుతోంది, నీళ్ళు పట్టుకుని పనికి వెళ్ళండి" అన్నాను.

ఆ రోజు నుంచి రాసమ్మ బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసేస్తున్నారు. ఆమె పిలిస్తే పలకడం లేదు. పోయిన మంగళవారం చాపా, బిందే, ఒక మూటా పట్టుకుని టౌనుకి వెళ్ళిపోయింది. హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేశాను.

నన్ను తెలుక్ ఆన్సన్ దగ్గర తోటకి మార్చారు. జనవరిలో అందరం వెళ్తున్నాం, ఆనీ కూడా. సమాధుల దగ్గరికి వెళ్ళి చెప్పి వద్దామంటే వెళ్ళడానికి చీటీ ఇవ్వలేదు.

వాన ఆగలేదు.

వెంకటసామి

*

కౌలాలంపూర్
12 జూలై 1953

బావగారికి నమస్కారం. నన్ను వదిలిపెట్టారు! పన్నెండు రోజులైంది.

ఒక హైనాన్ చీనా ఆయన రొట్టెల దుకాణంలో పని దొరికింది. నేను పిండి పిసకడం చూసి, తన నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి నా నడుముకి కట్టాడు. వెనకవైపు చిన్న గది ఇచ్చాడు. ఆదివారం బ్రిక్‌ఫీల్డ్స్‌లో మలయాళీ సిరియను క్రైస్తవులు ప్రార్థన చేసుకునే చోటికి వెళ్తున్నాను. వాళ్ళ పాట అర్థం కాదు. సాంబ్రాణి పొగ అర్థమవుతుంది.

కుళాయి దగ్గర జరిగింది చదివి ముందు మీ మీద కోపం వచ్చింది. అంతమంది ముందు మిమ్మల్నే సాక్షిగా అడిగింది, మీరు "అవును, నువ్వే" అని ఒక్క మాట అనలేదేం అని. తర్వాత ఆలోచించాను. ఆడమనిషిని నలుగురిలో నిలబెట్టి నేరం చెప్పడం మీ వల్ల కాలేదు. మా నాన్న కూడా అంతే, దొంగిలించినవాడికి తూకం ఎక్కువ వేసి పంపేవాడు. ఆ దేవుడు నా వాళ్ళందర్నీ తీసుకున్నా, మాట మీద నిలబడే మగమనిషిని ఒక్కర్ని ఈ దేశంలో నాకు ఉంచాడు.

ఆనీని తీసుకురండి. రైలు దగ్గర నిలబడతాను. ఆ ఊడిన పన్ను కూడా తెమ్మనండి.

పోతినమ్మ

*

కౌలాలంపూర్
25 ఫిబ్రవరి 1957

బావగారికి,

మొన్న శనివారం మా ఆత్మల శనివారం, పోయినవాళ్ళకి పెట్టుకునే రోజు. బటాంగ్ బెర్జుంటై వైపు తిండి మీద కట్టుబాట్లు ఎత్తేశారని దుకాణంలో ఎవరో పేపరు చదువుతుంటే విన్నాను. గోధుమలు ఉడికించి, నువ్వులు, బెల్లం, ఎండు ద్రాక్ష కలిపి, ఆనీని తీసుకుని బస్సెక్కాను. ఐదేళ్ళ తర్వాత అదే గేటు. ఎవరూ మూత తీయమనలేదు. నాకే మూత తీసి చూపించాలనిపించింది.

సమాధులు గడ్డిలో కలిసిపోయి ఉంటాయని కొడవలి కూడా తీసుకెళ్ళాను. అవసరం లేకపోయింది. చుట్టూ సీసాలు బోర్లించి గుచ్చి ఉన్నాయి. ఎవరో ఊడ్చారు. ఒక గ్లాసులో బంతిపూలు. మీరే ఎవరికైనా చెప్పి చేయిస్తున్నారనుకుని నా మనసు నిండిపోయింది, బావగారూ. ఆ మాట మీకు రాయాలనుకుంటూ కూర్చున్నాను.

అంతలో రాసమ్మ వచ్చింది, చీపురుతో. టౌన్లో మార్కెట్ దగ్గర వడలు అమ్ముకుంటోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి పారిపోతుందనుకున్నాను. గిన్నె వైపు చూసి, "తెచ్చినావా? ఇంత ఎట్టు" అని చెయ్యి చాపింది. పెట్టాను. తింటూ చెప్పింది.

"ఈళ్ళని ఎవరు సూత్తారమ్మా? నువ్వు లోపల. కిరాణి బాబు వేరే తోటకెళ్ళిపోనాడు. నీ గుగ్గిళ్ళు తిన్నాను గదా, దానికిదే సెల్లనుకో."

నువ్వెందుకు చెప్పావని అడిగాను.

"నేనేటి సెప్పలేదు. నిన్నట్టుకెళ్ళిన రెండోనాడు పోలీసు సార్జంటు, దొర బంగళా మెట్లు దిగినాడు. ఆడి సేతిలో నల్లట్ట పుస్తకం. అలాటి పుస్తకం తోట మొత్తానికి ఒకటే లా. సదువు రాని దాన్నే గాని, అట్ట రంగు తెలీదా?"

మీ పుస్తకం నాకు తెలుసు. వాన, పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, గేటు దాటిన ప్రతి వస్తువూ, అన్నీ అందులో ఉంటాయి. అక్షరాలు నేర్చుకున్నాక నేను మొదట చదివింది అందులోనే, రేమండ్ పుట్టిన రోజు.

ఆ పుస్తకం మీరు ఇచ్చారా? ఈసారి "రాయలేను" అని రాయకండి.

పోతినమ్మ

*

తెలుక్ ఆన్సన్
17 మార్చి 1957

పోతినమ్మకు,

ఇచ్చాను.

దొర పిలిచి, గేటు దాటిన వస్తువుల లెక్క ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాడు. నా దగ్గర ఉందన్నాను. తీసుకురమ్మన్నాడు. తీసుకెళ్ళేటప్పుడు పుస్తకం నిన్ను కాపాడుతుందని అనుకున్నాను. ఏడాదిలో నాలుగేసార్లు, ఒకే చిన్న గిన్నె, అడవివాళ్ళకి అది ఏ మూలకి అని వాళ్ళకే తెలుస్తుందనుకున్నాను. కాని నేను రాసింది ఇలా ఉంది: "గోధుమ గుగ్గిళ్ళు, గిన్నె ఒకటి, బయటికి. ఖాళీ గిన్నె లోపలికి." నాలుగుసార్లూ అంతే. ఎందుకని ఒక్కసారీ రాయలేదు. వస్తువు రాస్తాను, కారణం రాయను. నాకు నేనే రాత నేర్చుకున్నప్పటి నుంచి అలాగే రాస్తున్నాను. సార్జంటు "ఖాళీ గిన్నె" దగ్గర వేలు పెట్టి, "అంటే తిండి బయట ఉండిపోయింది" అన్నాడు.

ఇక్కడితో ఆపవచ్చు. నువ్వు అడిగింది ఇంతే. కాని ఇంకొకటి ఉంది, అది రాసమ్మకి కూడా తెలియదు.

మునుసామి పోయి ఏడాది నిండిన రోజు, 1951 నవంబర్లో, నేను నీ వెనక వచ్చాను. గేటు దగ్గర ఒకడు అన్నాడు, మొగుణ్ణి చంపినవాళ్ళకే ఆ తెల్లామె అన్నం మోస్తోందేమో, భయపెట్టి ఉంటారు అని. ఆ మాట నా బుర్రలో దూరింది. నిన్ను అనుమానించే వచ్చాను. మూడో వరుస చెట్ల వెనక నిలబడ్డాను. నువ్వు కొవ్వొత్తి ముక్క వెలిగించావు. మీ భాషలో ఏదో పాడావు. ఒక గుప్పెడు తమ్ముడి మీద, ఒక గుప్పెడు బిడ్డ మీద వేశావు. మిగతాది కూర్చుని నువ్వే తిన్నావు, ఏడుస్తూ తిన్నావు, గిన్నె వేలితో తుడుచుకుని తిన్నావు. అడవిలోంచి ఎవరూ రాలేదు. నేను తిరిగి వచ్చి పుస్తకంలో ఎప్పటిలాగే రాశాను.

కాబట్టి బోనులో నేను చెప్పింది అబద్ధం. ప్రమాణం చేసి చెప్పాను.

ఎందుకంటే, చూశానంటే తర్వాతి ప్రశ్న వస్తుంది: చచ్చిన తమ్ముడి పెళ్ళాం వెనక ఒంటరిగా చెట్లలోకి నువ్వెందుకు వెళ్ళావు? తోటలో సగం మంది కోర్టులో కూర్చుని ఉన్నారు. నిన్ను అనుమానించానని చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు అనుకునేది అనుకోనివ్వాలి. నీతో ఎదురుగా నిలబడి నాలుగు మాటలు మాట్లాడని బావని నేను. పాఠం చెప్పేటప్పుడు కూడా అమ్మ మధ్యలో కూర్చునేది. ఆ పేరు పోతుందని భయపడ్డాను. నీకు రెండేళ్ళు పడతాయని అప్పటికి తెలియదు. తెలిసిన తర్వాత కూడా వెళ్ళి చెప్పలేదు.

రాసమ్మ సంగతిలో నువ్వు తప్పుగా అనుకున్నావని తొలి ఉత్తరంలోనే తెలుసు. అనుకోనిచ్చాను. కుళాయి దగ్గర ఆమె నన్ను సాక్షిగా అడగలేదు. నన్ను చూపించింది.

అమ్మ పోయేవరకు ఆమెకీ చెప్పలేదు.

వెంకటసామి

*

కౌలాలంపూర్
12 ఆగస్టు 1957

వెంకటసామి గారికి,

ఐదు నెలలు రాయలేదు. రాయడానికి కూర్చుంటే చెయ్యి మా భాషలోకి వెళ్ళిపోతోంది, తిట్లు అందులోనే వస్తున్నాయి.

జైల్లో రోజూ రెండు పేర్లు చెప్పేదాన్ని. శత్రువుల వరసలో రాసమ్మ. నా వాళ్ళ వరసలో మీరు. పదహారు నెలలు దేవుడి చెవిలో తప్పు పేర్లు వేశాను. దీనికి ఏ గురువు దగ్గర మన్నింపు అడగాలో కూడా తెలియదు.

ఆనీ మీ ఉత్తరం చదివింది. "పెదనాన్న చూసినాడా?" అని అడిగింది. చూశాడన్నాను. మళ్ళీ మీ మాట ఎత్తలేదు. మీరిచ్చిన పలక బల్ల కింద పెట్టేసింది.

నాకు ఇంకేమీ రాయకండి, చేయవలసినది ఒకటే ఉంది. మీరు నాకు రాసింది నేనొక్కదాన్నే చదివే కాగితం. రాసమ్మ పరువు పోయింది అందరి ముందు. కుళాయి దగ్గర ఆ రోజు ఉన్నవాళ్ళు ఇంకా ఆ లైన్లలోనే ఉన్నారు. వెళ్ళి వాళ్ళ ముందు నిలబడి, నాకు రాసినదే చదవండి, ఆ కాగితం ఇందులోనే పెట్టాను. రాసమ్మని తీసుకెళ్ళి చదవండి.

పోతినమ్మ

*

తెలుక్ ఆన్సన్
3 సెప్టెంబర్ 1957

పోతినమ్మకు,

చదివాను.

మెర్డేకా రోజున జెండా ఎత్తడానికి పాత తోటలో అందరూ హాజరు మైదానంలో చేరతారని తెలిసి, ముందురోజే బయలుదేరి వెళ్ళాను. మార్కెట్ దగ్గర రాసమ్మని పిలిచాను. "వడలు సల్లారిపోతాయి" అంది. కాసేపటికి బుట్ట పక్కామెకి అప్పజెప్పి వచ్చింది.

ఇప్పుడు కిరాణి మారియప్పన్. మంచివాడు. కాగితం చూసి, "అన్నే, దేశానికి స్వతంత్రం వచ్చిన రోజున జైలు కథ ఎందుకు? రేపు చదువుకో లా" అన్నాడు. రేపు అందరూ చెట్లలో ఉంటారన్నాను. జెండా ఎత్తారు. మిఠాయి పళ్ళాలు బయటికి వస్తున్నాయి. బల్ల మీదికి ఎక్కాను. మన లైన్లలోని ముసలామె పాపాయి అరిచింది, "ఏటి పాత కిరాణీ, జెండా రోజున కూడా గైరాజరేత్తావా?" అందరూ నవ్వారు.

మొత్తం చదివాను. చెట్ల వెనక నిలబడిన సంగతి దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. పిల్లలు మిఠాయి కోసం తోసుకుంటున్నారు. చదవడం అయ్యాక ఎవరైనా రాయి వేస్తారనుకున్నాను. పాపాయి అంది:

"ఇందులో కొత్తేటి ఉన్నాది? నల్లట్ట పుస్తకం మేమందరం సూసినాం గదా."

తెలిస్తే రాసమ్మ బిందె పక్కన ఎందుకు పెట్టనివ్వలేదని అడిగాను.

"మరి నీ మీద సూపించమంటావా కోపం? పొద్దున్నే మా పేరు పిలిసేవోడివి నువ్వు. రాసమ్మ ఏటి సేత్తాది మమ్మల్ని?"

ఎవరూ కాదనలేదు. నాకు భయపడి వాళ్ళు ఆమెని వెలివేశారు. ఐదేళ్ళు నేను దాచానని అనుకున్నది అందరికీ తెలుసు, తెలియనిది నీకూ అమ్మకే.

రాసమ్మ "అయిపోనాదా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళింది. అందరూ చూస్తుండగా తిప్పి, దోసిలి పట్టి నీళ్ళు తాగింది. ముఖం కడుక్కుంది. కుళాయి కట్టకుండా అలా వదిలేసి వెళ్ళిపోయింది. మారియప్పన్ పరిగెత్తి కట్టాడు.

గోధుమలు ఉడికించి తీసుకెళ్ళాను. ఎలా చేస్తారో అన్నమ్మకి గుర్తున్నంత చెప్పింది. సమాధుల దగ్గర పెట్టాను. పుస్తకంలో ఇలా రాశాను: "గోధుమ గుగ్గిళ్ళు, గిన్నె ఒకటి, బయటికి. తమ్ముడు మునుసామికి, బిడ్డ రేమండ్‌కి. ఖాళీ గిన్నె లోపలికి." కారణం రాయడం ఇదే మొదలు.

వెంకటసామి

*

కౌలాలంపూర్
15 సెప్టెంబర్ 1957

వెంకటసామి గారికి,

అందింది. రాసమ్మ మొన్న దుకాణానికి వచ్చింది. మీ గోధుమలు సరిగ్గా ఉడకలేదని, బెల్లం ఎక్కువైందని చెప్పింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని కూడా చెప్పింది.

పుస్తకంలో కారణం రాశానన్నారు. ఆ కారణం 1951లో నా గిన్నె పక్కన ఉండవలసింది. ఇప్పుడు ఉంటే నేనేం చేసుకోను?

ఇది నేను రాసే ఆఖరి తెలుగు ఉత్తరం. ఈ అక్షరాలు మీరు నేర్పినవి. వీటితో మీకు ఏ మంచి మాట రాసినా అది తప్పు మనిషికి చేరింది. ఇకనుంచి ఏదైనా ఉంటే ఆనీ రాస్తుంది, తనకి రాయాలనిపిస్తే. అన్నమ్మక్కకి నా మీద కోపం వద్దని చెప్పండి.

క్షమించానని రాయడం లేదు. జైల్లో అయితే ఒక్క రోజులో రాసేదాన్ని. ఎవరిని క్షమిస్తున్నానో అప్పుడు తెలియదు కదా.

వచ్చే ఏడాది ఆత్మల శనివారం ఫిబ్రవరి పదిహేనున వస్తుంది. ఆ రోజు పొద్దున నేనూ, ఆనీ, రాసమ్మా గేటు దాటి వెళ్తాం. మీరు రండి. మాతో నడవకండి, మాట్లాడకండి. మూడో వరుస చెట్ల వెనక మీ చోటు మీకు తెలుసు. అక్కడ నిలబడి, మేము గిన్నె ఖాళీ చేసి లేచేదాకా చూడండి. ప్రతి ఏడూ రండి.

ఎవరైనా అడిగితే, చూశానని చెప్పండి.

ఫొతిని